ఎడిసన్ నుంచి ఫ్రిస్కోకి ఒక పాలెట్ సామాను: ఎల్‌టీఎల్ ట్రక్ ఫ్రైట్ సర్వీస్ మీద నా రివ్యూ

ముందే చెప్తున్నా, పెద్ద ట్రక్కులో మనకు కావాల్సినంత జాగా మాత్రం తీసుకుని, పాలెట్ అనే చెక్క బల్ల మీద సామాను పేర్చి పంపే ఈ ఎల్‌టీఎల్ సర్వీస్ బాగుంది, మా వాళ్లకు మళ్లీ అవసరం పడితే ఇదే బుక్ చేస్తాను. కాకపోతే దీంట్లో మనం దేనికి డబ్బు కడుతున్నామో తెలియకుండా దిగితే మాత్రం చాలా తిప్పలు పడాలి. అమెరికాలో ఒక ఊరి నుంచి ఇంకో దూరపు ఊరికి మారేటప్పుడు మనవాళ్లు చాలామంది ఏం చేస్తారంటే, ఆన్‌లైన్‌లో ఏదో ఒక ఫారం నింపి ఫోన్ నంబర్ ఇచ్చేస్తారు, గంటలోపు కాల్స్ మీద కాల్స్ వస్తాయి, అందరికంటే తక్కువ చెప్పినవాడికి అడ్వాన్స్ కట్టేస్తారు. సామాను ఎవరి ట్రక్కు ఎక్కుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

మా అక్కావాళ్లు న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి టెక్సాస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకి మారారు. చిన్న పాపతో వాళ్లకు తీరిక లేదు, అందుకే ఈ పని హన్మకొండ నుంచి నేనే చూసుకున్నా. నేను చేసేది కూడా ఈ లైన్‌లోనే, ఇక్కడ ఒక ఆఫీసులో నైట్ షిఫ్ట్, అమెరికా ట్రక్ కంపెనీల ఫ్రైట్ బిల్లులు సరిచూసే పని. బిల్లులో ఏ లైన్ ఎందుకు పడుతుందో రోజూ చూస్తాను కాబట్టి ఈ రివ్యూలో ధర కన్నా ధర ఎలా పెరుగుతుందో ఎక్కువ రాస్తున్నా. వాడిన కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే పెద్ద ఎల్‌టీఎల్ కంపెనీలన్నింటిలో పద్ధతి ఇంచుమించు ఒకటే.

దూరం సుమారు 1,550 మైళ్లు, అంటే 2,500 కిలోమీటర్లు. సోఫా, మంచాలు అక్కడే అమ్మేశారు, బట్టలు కొన్ని కారులో పెట్టుకున్నారు. మిగిలింది బావ పుస్తకాలు, స్టీలు సామాను, వెట్ గ్రైండర్, అమ్మ ఇక్కడి నుంచి ఒక్కొక్కటిగా మోసుకెళ్లి ఇచ్చిన పెంబర్తి ఇత్తడి దీపాలు, కంచాలు, ఇంకా పాప సామాను. ఇల్లంతా కాదు, అలాగని కారులో పట్టేంత తక్కువా కాదు. సరిగ్గా ఇలాంటి లెక్కకే పాలెట్ పనికొస్తుంది.

మొదట బావ ఇల్లు మార్చే ఒక మూవింగ్ కంపెనీ దగ్గర కోట్, అంటే ఎంతవుతుందో ధర రాయించి తీసుకున్నాడు. నమ్మలేనంత తక్కువ. నాకు వాట్సాప్‌లో పంపితే చదివా. బరువు ఎక్కడా లేదు, అంతా క్యూబిక్ ఫీట్ల లెక్క, పైన పెద్ద అక్షరాల్లో ఎస్టిమేట్ అని ఉంది, అది బైండింగా (చెప్పిన ధరకే కట్టుబడేదా) నాన్ బైండింగా (తర్వాత మారేదా) అని మాత్రం లేదు. ఫోన్ చేసి యూఎస్‌డాట్ నంబర్, అంటే అమెరికా రవాణా శాఖ ఇచ్చే గుర్తింపు నంబర్ అడగమన్నా. కంపెనీవాడు ఇచ్చాడు, అది మెచ్చుకోవాలి. ఆ నంబర్‌ని ట్రక్కు కంపెనీలను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏ వాళ్ల సేఫర్ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే, ఆ కంపెనీకి ట్రక్కులే లేవు, వాళ్లు బ్రోకర్ మాత్రమే. బ్రోకర్ అవడం తప్పేం కాదు, బ్రోకర్లు లేకపోతే అమెరికా ఫ్రైట్ నడవదు, వాళ్లకు 75,000 డాలర్ల పూచీ బాండ్ ఉండాలనే రూల్ కూడా ఉంది. కానీ ఇళ్ల సామాను బ్రోకర్ అయితే తను మోసేవాడిని కాదు, కుదిర్చేవాడిని మాత్రమే అని ముందే చెప్పాలి. ఆ మనిషి ఫోన్‌లో మా ట్రక్కు, మా డ్రైవర్ అనే మాట్లాడాడు. అక్కడితో వద్దన్నాం.

ఎవరైనా మూవర్స్‌నే పెట్టుకోవాలనుకుంటే రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. నాన్ బైండింగ్ ఎస్టిమేట్ ఉన్నప్పుడు, సామాను దించే రోజున ఆ ఎస్టిమేట్‌లో 110 శాతానికి మించి కడితేనే దించుతాం అని వాళ్లు పట్టుబట్టడానికి లేదు, అసలు బిల్లు ఇంకా ఎక్కువైతే మిగతాది తర్వాత అడగాలి. రెండోది, సామాను పోయినా పగిలినా అదనపు ఖర్చు లేకుండా ఇచ్చే రిలీజ్డ్ వాల్యూ కవరేజీ పౌండుకు 60 సెంట్లు మాత్రమే. మీ టీవీ ఎంత ఖరీదైనా దాని బరువును బట్టే లెక్క.

ఇక ఎల్‌టీఎల్ సంగతి. లెస్ దెన్ ట్రక్‌లోడ్, అంటే ట్రక్కు మొత్తం మనది కాదు, మనకు అందులో కొంత జాగా. పెద్ద ట్రైలర్ పొడవు 53 అడుగులు, కింద నేల మీద మామూలుగా 26 పాలెట్లు పడతాయి. మన పాలెట్ పక్కన ఎవరిదో టైల్స్, ఇంకెవరిదో షాంపూ డబ్బాలు. మన సామాను ఎడిసన్‌లో ఎక్కి అదే ట్రక్కులో ఫ్రిస్కోలో దిగుతుందని అనుకోవద్దు. లోకల్ ట్రక్కు తీసుకెళ్లి, కంపెనీ సరుకు మార్చుకునే డిపో అయిన దగ్గరి టెర్మినల్‌లో దించుతుంది, రాత్రికి ఇంకో ట్రైలర్‌లో పెద్ద హబ్‌కి పోతుంది, అక్కడ దించి మళ్లీ సర్దుతారు, ఇలా ఫోర్క్‌లిఫ్ట్ అనే బండి ప్రతి చోటా దాన్ని ఎత్తి దించుతుంది. ప్యాకింగ్ గురించి కింద అంత గట్టిగా చెప్తున్నది అందుకే.

ఇంకో చిక్కు, చాలా ఎల్‌టీఎల్ కంపెనీలు మామూలు మనుషుల దగ్గర ఇంటి సామాను నేరుగా తీసుకోవు. వాళ్లకు కావాల్సింది రోజూ సరుకు పంపే ఫ్యాక్టరీలు, గోడౌన్లు. కాబట్టి వ్యక్తుల సామాను తీసుకునే ఫ్రైట్ బ్రోకర్ ద్వారా వెళ్లాలి, లేదంటే యూ-ప్యాక్ లాంటి సర్వీస్ చూడాలి. యూ-ప్యాక్ ఆర్క్‌బెస్ట్ వాళ్లది, ట్రైలర్ ఇంటి ముందు పెట్టి పోతారు, మనమే నింపుకోవాలి, ఎన్ని అడుగులు వాడితే అన్ని అడుగులకు డబ్బు. ఒక బెడ్‌రూమ్ ఇల్లు మొత్తం మారుస్తుంటే నేను దానివైపే చూడమంటాను. మాకున్న కొద్ది సామానుకు అది ఎక్కువైంది. పాలెట్ ధర మూవర్స్ ఇచ్చిన మామూలు కోట్లలో సగానికి కూడా రాలేదు.

అక్క ఒక మంచి ప్రశ్న వేసింది. "తమ్మీ, మధ్యల కంపెనీ మూతపడితే మన సామాను ఏమైతదిరా?" నవ్వే ప్రశ్న కాదు. దాదాపు వందేళ్ల చరిత్ర ఉన్న యెల్లో అనే ట్రక్ కంపెనీ 2023 వేసవిలో మూతపడింది, సుమారు 30,000 మంది ఉద్యోగాలు పోయాయి. అందుకే మేం పట్టుకున్న ఫ్రైట్ బ్రోకర్ చూపించిన ధరల్లో అన్నింటికన్నా తక్కువది వదిలేసి, ఎడిసన్ దగ్గర, డాలస్ దగ్గర రెండు చోట్లా సొంత టెర్మినల్స్ ఉన్న పెద్ద కంపెనీని ఎంచుకున్నా. సొంత టెర్మినల్ లేని చోట సరుకును ఇంకో కంపెనీకి అప్పజెప్తారు, ఏదైనా పగిలితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు, ఇలాంటి ఫైళ్లు ఆఫీసులో చాలా చూశాను.

ఇప్పుడు అసలు విషయం, ధర. ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి లోడు పోతుంటే లారీ కిరాయి వేరు, హమాలీ వేరు, కాంటా వేరు అని మన దగ్గర ఎవరికీ చెప్పక్కర్లేదు. అమెరికాలో కూడా అంతే, కాకపోతే అక్కడ మనిషి చేయి పడ్డ ప్రతిదానికీ ఒక పేరు, ఒక రేటు ఉంటుంది. ఇంటి దగ్గర ఎక్కించుకుంటే రెసిడెన్షియల్ చార్జి. ట్రక్కు వెనకాల కిందికి దిగే ప్లాట్‌ఫామ్ కావాలంటే లిఫ్ట్‌గేట్ చార్జి. ఫోన్ చేసి టైమ్ మాట్లాడుకుని రమ్మంటే దానికొకటి, గుమ్మం లోపలికి తేవాలంటే ఇంకొకటి. తెచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేకపోతే మళ్లీ తెచ్చినందుకు డబ్బు, టెర్మినల్‌లో ఎక్కువ రోజులు ఉంచితే స్టోరేజీ. వీటన్నింటి పైన ఫ్యూయల్ సర్‌చార్జి, అది అమెరికా ప్రభుత్వ ఎనర్జీ సంస్థ ప్రతి వారం వేసే డీజిల్ సగటు ధరను బట్టి మారుతుంది. మొదట స్క్రీన్ మీద కనిపించే ధరలో ఇవేవీ ఉండకపోవచ్చు. బుక్ చేసేటప్పుడు అడ్రస్ కమర్షియల్ అని టిక్ పెడితే తగ్గుతుంది కదా అని అలా చేయకండి. డ్రైవర్ వచ్చి అపార్ట్‌మెంట్ చూడగానే రాసుకుంటాడు, తర్వాత బిల్లులో మొత్తం పడుతుంది, అప్పుడు వాదించడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

మేం చేసింది ఇది. ఎడిసన్‌లో ఇంటి దగ్గర లిఫ్ట్‌గేట్‌తో పికప్, డాలస్‌లో మాత్రం ఇంటికి వద్దు, టెర్మినల్‌కి మేమే వచ్చి తీసుకుంటాం అన్నాం. బావ స్నేహితుడి దగ్గర పికప్ బండి ఉంది, టెర్మినల్‌లో ఫోర్క్‌లిఫ్ట్‌తో వాళ్లే దాంట్లో పెట్టేశారు. ఆ చివర రెసిడెన్షియల్, లిఫ్ట్‌గేట్, అపాయింట్‌మెంట్ మూడు చార్జీలూ మిగిలాయి. పికప్ బండి ఉన్న స్నేహితుడు ఎవరైనా ఉంటే మొహమాటపడకుండా అడగండి.

క్లాస్, అంటే రేటు తేల్చే గ్రేడు గురించి కాస్త ఓపిగ్గా చదవండి, ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. ఎల్‌టీఎల్ సరుకుకి 50 నుంచి 500 వరకు ఫ్రైట్ క్లాస్‌లు 18 ఉన్నాయి, నంబర్ పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. 2025 జూలైలో రూల్స్ మారి, చాలా రకాల సరుకులకు సాంద్రత మీదే క్లాస్ పడేలా 13 మెట్ల లెక్క వచ్చింది. లెక్క తేలికే. పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాల్లో గుణించి 1,728తో భాగిస్తే క్యూబిక్ ఫీట్లు వస్తాయి, బరువును పౌండ్లలో తీసుకుని దానితో భాగించాలి. మామూలు పాలెట్ 48 అంగుళాల పొడవు, 40 అంగుళాల వెడల్పు. ఎత్తు పాలెట్ చెక్కతో కలిపి 60 అంగుళాలు, బరువు 600 పౌండ్లు అనుకోండి. క్యూబిక్ అడుగుకి 9 పౌండ్లు వస్తుంది, సాంద్రత లెక్క వర్తించే సరుకైతే క్లాస్ 100. ఇప్పుడు జాగా ఉంది కదా అని పైన ఒక లాంప్ డబ్బా పెట్టి ఎత్తు 75 అంగుళాలు చేశారనుకోండి, సాంద్రత 7.2కి పడిపోతుంది, క్లాస్ 125 అవుతుంది. బరువులేని ఒక్క డబ్బా మొత్తం పాలెట్ రేటును మార్చేస్తుంది. పాప ఊయల, దిండ్లు, లాంప్ అన్నీ కారులోకి పోయింది అందుకే. గ్రైండర్ రాయి, ఇత్తడి సామాను, పుస్తకాలు మాత్రం ఈ లెక్కలో మనకు ఉపకారమే చేస్తాయి.

ప్యాకింగ్ అక్కాబావలే చేశారు, నేను వీడియో కాల్‌లో చూస్తూ ఉన్నా. బరువైనవి అడుగున, డబ్బాలు అంచులు కలిసేట్టు ఒకదాని మీద ఒకటి నిలువుగా. డబ్బా బలమంతా మూలల్లోనే ఉంటుంది, ఇటుకల్లా అడ్డదిడ్డంగా పేరిస్తే ఆ బలం పోతుంది. పాలెట్ అంచు దాటి ఒక్క అంగుళం కూడా బయటికి రాకూడదు, వస్తే ఫోర్క్‌లిఫ్ట్‌కో పక్క పాలెట్‌కో తగులుతుంది. ప్లాస్టిక్ ర్యాప్ చుట్టేటప్పుడు పాలెట్ చెక్కను కూడా కలిపి చుట్టాలి, లేకపోతే డబ్బాలన్నీ ఒక ముద్దగా జారి కిందికి వస్తాయి. పాత షిప్పింగ్ లేబుళ్లు చింపేయాలి, ప్రతి వైపూ కొత్త లేబుల్ అతికించాలి. అంతా అయ్యాక టేపు పెట్టి పొడవు, వెడల్పు, ఎత్తు కనిపించేట్టు ఫోటోలు తీయమన్నా. బావ విసుక్కున్నాడు. "ఇన్ని ఫోటోలెందుకు, పెళ్లి ఆల్బమా?" అన్నాడు. అవి ఎందుకు పనికొచ్చాయో కింద చెప్తా.

పాలెట్‌ని ఎక్కడ పేరుస్తారో కూడా చూసుకోండి. డ్రైవర్ తెచ్చే పాలెట్ జాక్, అంటే పాలెట్‌ని ఎత్తి లాగే తోపుడు బండి, చిన్న చక్రాల మీద నడుస్తుంది. గడ్డి మీద, కంకర మీద, ఏటవాలు దారిలో కదలదు. అక్కావాళ్లు అపార్ట్‌మెంట్ ముందు పార్కింగ్‌లో సమంగా ఉన్న చోట పేర్చారు.

పికప్ ఏ గంటకు అని చెప్పరు, కొన్ని గంటల విండో ఇస్తారు, అది కూడా దాటింది. ఇక్కడ అర్ధరాత్రి, అక్కడ మధ్యాహ్నం, అక్క టెన్షన్ పడి నాకు ఫోన్ల మీద ఫోన్లు. నిజానికి ఆ డ్రైవర్‌ని ఏమీ అనలేం. పది గంటల విశ్రాంతి తర్వాత డ్యూటీ ఎక్కితే, 14 గంటల లోపల 11 గంటలకు మించి నడపకూడదు, 8 గంటలు నడిపాక కనీసం అరగంట ఆపాలి, ఇదంతా మామూలుగా ఎలక్ట్రానిక్ లాగ్‌లో పడుతుంది. ముందు ఆగిన చోట ఎవడో గోడౌన్‌వాడు రెండు గంటలు నిలబెడితే ఆ రెండు గంటలు డ్రైవర్ రోజులోంచే పోతాయి. వచ్చిన డ్రైవర్ మర్యాదగా ఉన్నాడు, ర్యాప్ ఒకచోట వదులుగా ఉంటే చూపించి ఇంకో రెండు చుట్లు చుట్టించాడు. ఆ మనిషికి నా తరఫున ఐదుకి ఐదు.

బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అప్పజెప్పిన కాగితం) మీద డ్రైవర్ సంతకం తీసుకుని, ప్రో నంబర్ (కంపెనీ మన సరుకుకు ఇచ్చే ట్రాకింగ్ నంబర్) స్టిక్కర్ ఉన్న కాపీ మన దగ్గర ఉంచుకోవాలి. ఆ తర్వాత అంతా ఆ నంబరే. ట్రాకింగ్ పర్వాలేదు, అంతే. అమెజాన్‌లా మ్యాప్ మీద బండి కదలదు, టెర్మినల్‌కి చేరినప్పుడు, బయల్దేరినప్పుడు మాత్రం ఒక లైన్ వస్తుంది. ఎడిసన్ నుంచి డాలస్ దారి మామూలుగా పెన్సిల్వేనియాలోకి వెళ్లి, ఐ-81 పట్టుకుని వర్జీనియా పొడవునా దిగి, టెనెస్సీలో ఐ-40 మీద మెంఫిస్, లిటిల్ రాక్ దాటి ఐ-30 మీద డాలస్. మధ్యలో శని, ఆదివారాలు రెండు రోజులు ఒకే చోట ఉండిపోయింది, ట్రాన్సిట్ టైమ్‌లో వాటిని లెక్కేయరు, ఆలస్యం కూడా కాదు. అమ్మకి ఇది చెప్తే నమ్మలేదు, "ఆ ఇత్తడి దీపాలు ఎవరన్న ఎత్తుకపోతరు బిడ్డా" అని రోజూ పొద్దున షిఫ్ట్ నుంచి రాగానే అదే మాట. చెప్పిన రోజుకే డాలస్ టెర్మినల్ చేరింది.

తీసుకునేటప్పుడు తొందరపడొద్దని బావకి పదే పదే చెప్పా. డెలివరీ రసీదు మీద సంతకం చేసేముందు పాలెట్ చుట్టూ తిరిగి చూడాలి, దెబ్బ ఉంటే రసీదు మీదే ఏ డబ్బా, ఏ మూల, ఎలా నలిగింది అని రాయాలి. తర్వాత చూసుకుంటాం అన్నట్టు ఏదో ఒక మాట రాసి సంతకం చేస్తే దానికి విలువ ఉండదు. కింది వరసలో ఒక డబ్బా మూల నలిగింది, బావ రాశాడు, ఫోటో తీశాడు. లోపల స్టీలు గిన్నెలు, ఒక మూతకి సొట్ట, అంతే. బయట కనిపించని దెబ్బ ఇంటికెళ్లి విప్పాక బయటపడితే 5 పనిదినాల లోపల చెప్పాలి. క్లెయిమ్ వేయడానికి మాత్రం, రవాణాలో సరుకు నష్టం గురించి అమెరికాలో ఉన్న కార్మాక్ చట్టం కింద కంపెనీ కనీసం 9 నెలల గడువు ఇవ్వాలి. వాడిన సామానుకి చాలా కంపెనీల బాధ్యత పౌండుకు 10 సెంట్ల దాకా దిగిపోతుంది, ఆ లెక్కన 20 పౌండ్ల డబ్బా మొత్తం పోయినా వచ్చేది రెండు డాలర్లు. కాబట్టి విలువైన వస్తువులుంటే విడిగా ఇన్సూరెన్స్ తీసుకోండి, టీవీ, అద్దాలు ఇందులో పంపకండి. బంగారం, పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు సంగతి చెప్పనే అక్కర్లేదు. పచ్చళ్లు, స్ప్రే డబ్బాలు, పవర్ బ్యాంకులు కూడా వద్దు.

ఒక చెడు అనుభవం కూడా రాయాలి. సామాను చేరిన కొన్నాళ్లకు బ్రోకర్ నుంచి ఇంకో బిల్లు వచ్చింది. టెర్మినల్‌లో మళ్లీ కొలిచారట, ఎత్తు ఎక్కువుందట, క్లాస్ మార్చారట, కార్డు నుంచి తేడా లాగుతాం అని. నాకు చాలా కోపం వచ్చింది, ఎందుకంటే ఇలాంటి బిల్లు మామూలు కుటుంబానికి వస్తే భయపడి కట్టేస్తారు. టేపుతో తీసిన ఫోటోలు, బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ పెట్టి, మీరు కొలిచిన ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, దాని ఫోటో పంపండి అని మెయిల్ పెట్టా. రిపోర్టు వచ్చింది, ఫోటోలో ఉన్నది మా పాలెట్టే కాదు, లేబుల్ వేరే వాళ్లది. బిల్లు రద్దు చేశారు, కానీ దానికి ఎన్నోసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది, సారీ అన్న మాట కూడా లేదు. మోసిన కంపెనీకి ఐదులో నాలుగున్నర ఇస్తాను, బ్రోకర్‌కి మూడు, అది కూడా వాళ్ల వెబ్‌సైట్‌లో ధర విడివిడిగా చూపించినందుకు.

ఇక్కడి నుంచి బుక్ చేయొచ్చా అని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అడిగారు. చేయొచ్చు, కానీ కాంటాక్ట్ దగ్గర మన ఇండియా నంబర్ ఇవ్వకండి. పికప్ డ్రైవర్ గానీ, టెర్మినల్ వాళ్లు గానీ ఆ నంబర్‌కే ఫోన్ చేస్తారు. ఎత్తకపోతే డ్రైవర్ వెళ్లిపోతాడు, మళ్లీ వచ్చినందుకు చార్జి పడుతుంది. రెండు ఊళ్లలో సామాను దగ్గర నిలబడే మనిషి ఎవరో వాళ్ల అమెరికా నంబర్ ఇవ్వండి. ఈమెయిల్ మాత్రం మనదే పెట్టుకుంటే కాగితాలన్నీ మన చేతిలో ఉంటాయి.